రంగమ్మాళ్ వదులుకున్న కుర్చీ

కోవిల్‌పట్టి ఎక్కడుందో మా తెనాలిలో చాలామందికి తెలియదు. అక్కడ చేసిన అగ్గిపెట్టె మాత్రం అందరి వంటింట్లోనూ పొయ్యి గట్టు మీద ఉంటుంది. తిరుమల కంపార్టుమెంటులో రంగమ్మాళ్ నా పక్కన కూర్చోకపోయి ఉంటే నాకూ ఆ ఊరి గురించి ఏమీ తెలిసేది కాదు.

దర్శనానికి ఎప్పుడు వదులుతారో తెలియని ఆ ఎదురుచూపులో ఆమె పులిహోర ఉన్న స్టీలు డబ్బా మూత తీసి, "పుళిసోరు ఉండాది, తినండి అక్కా" అంది. ఆ తెలుగు విని మొదట సరదాకి అలా మాట్లాడుతోందనుకున్నాను. కాదు, అది వాళ్ళింటి భాష. ఎన్ని తరాల క్రితమో తెలుగు నేల నుంచి వెళ్ళి అక్కడి నల్లరేగడిలో స్థిరపడ్డ రైతు కుటుంబాలట. ఇంట్లో తెలుగు, గడప దాటితే అరవం. తెలుగు చదవడం, రాయడం ఎవరికీ రాదు. ఆమె అగ్గిపెట్టెల కంపెనీలో పుల్లలు పేర్చే పని చేసేది. ఓణీ వేసుకునే వయసు నుంచీ అదే పని.

ఆ పరిచయం ఫోన్లలో కొనసాగింది. ఈమధ్య ప్రతిసారీ ఒకే మాట. "ఒకసారి మా ఊరికి రాండి అక్కా. మా జోతి ఓట్టే మెషిను సూపిస్తాను." ఓట్టడమంటే నడపడం. కూతురు జోతిమణి డిప్లొమా చదివి, కొత్తగా వచ్చిన అగ్గిపెట్టెల యంత్రానికి ఆపరేటరు అయింది. ఆ సంగతి చెప్పేటప్పుడు రంగమ్మాళ్ గొంతు మారిపోయేది.

నేను టెలిఫోన్ శాఖలో రిటైరయ్యాను. మా ఆయనకు ప్రయాణాలంటే చిరాకు. ఎండలు కాస్త తగ్గుముఖం పట్టాక ఒక్కదాన్నే బయలుదేరాను.

విరుదునగర్‌లో తప్పు బస్సు

రైలు దిగింది విరుదునగర్‌లో. నేరుగా కోవిల్‌పట్టికి టిక్కెట్టు తీసుకోవచ్చు గానీ, నూనె పరోటా తినకుండా ఆ ఊరు దాటొద్దని మా పక్కింటి డ్రైవరు మరీ మరీ చెప్పాడు. అందుకే దిగాను.

పాత ఊరంతా వర్తకుల వీధులు. పప్పులు, మిరపకాయలు, నూనెలు నిల్వ చేసే గోదాములు. గుంటూరు మిర్చియార్డు పక్క నుంచి వెళ్తే వచ్చే ఘాటు ఇక్కడ సన్నటి సందుల్లో కూడా వస్తుంది. సాయంత్రం ఒక చిన్న హోటల్లో పెద్ద పెనం చుట్టూ నూనె పోసి పరోటాలను వేయించడం చూశాను. మన పరోటాలా మెత్తగా ఉండదు, అప్పచ్చిలా కరకరలాడుతుంది. దాన్ని ముక్కలు చేసి ఆకులో వేసి పైన పలచటి పులుసు పోశారు. మా ఊళ్ళో ఒక ప్లేటు ఇడ్లీ పెట్టే ధరకి ఇక్కడ కడుపు నిండింది.

మర్నాడు ఉదయం బస్టాండులో తప్పు బస్సెక్కాను. అరవం మాట్లాడగలను గానీ చదవలేను. ట్రంకు ఎక్స్ఛేంజీలో ఉన్న రోజుల్లో మద్రాసు ఆపరేటర్లతో లైను మీద మాట్లాడి మాట్లాడి చెవితో నేర్చుకున్న అరవం అది. చెవుల్లో వైర్లు పెట్టుకున్న ఒక కుర్రాణ్ణి "కోవిల్‌పట్టికేనా" అని అడిగితే తలాడించాడు. అతను నాకు కాదు, పాటకి తలాడించాడని బస్సు ఊరు దాటాక తెలిసింది. అది నరికుడి బస్సు.

పక్క సీటావిడ నరికుడి మనిషే. నా కంగారు చూసి, అరుప్పుకోట్టైలో దిగి మరో బస్సు పట్టుకోమని చెప్పింది. ఆమె కూతుర్ని ఒక నూలు మిల్లు హాస్టల్లో వదిలి వస్తోంది. వెళ్ళేటప్పుడు ఇద్దరు, వచ్చేటప్పుడు ఒక్కరు. పిల్ల ఏడ్చిందా అని అడిగాను. "లేదు, నేనే ఏడ్చాను. దానికి అక్కడ ఫ్యాను ఉంది, మూడు పూటలా అన్నం ఉంది. మెషిన్లు ఎక్కువ, మనుషులు తక్కువట. ఒక్కొక్క పిల్ల చాలా దూరం అటూ ఇటూ నడుస్తూ చూసుకోవాలట. కాళ్ళు లాగుతాయేమోనని నా భయం" అంది. అరుప్పుకోట్టైలో నా సంచి ఆమే కిందికి అందించింది. పేరు అడగడం మర్చిపోయాను.

కోవిల్‌పట్టి

బస్టాండులో నన్ను తీసుకెళ్ళడానికి జోతిమణి వచ్చింది. ఇరవై మూడు, ఇరవై నాలుగేళ్ళుంటాయి. నీలం రంగు కంపెనీ చొక్కా, బిగించి అల్లిన జడ. "పెద్దమ్మా, మీరేనా" అని నా చేతిలో సంచి తీసుకుంది.

ముందుగా పల్లీపట్టీ కొనిపెట్టింది. ఆ ఊరి వేరుశనగ మిఠాయికి పేరుంది. బెల్లం పాకం సరిగ్గా కుదిరి, పంటికి అంటుకోకుండా ఫట్‌మని విరుగుతుంది. మన దగ్గరి చెక్కీలో పాకం ఎక్కువ, ఇందులో గింజ ఎక్కువ.

"అమ్మ కంపెనీకి వెళ్ళిందా?" అని అడిగాను.

జోతిమణి సంచి మరో చేతికి మార్చుకుంది. "సాయంత్రం ఆరు మణికి వస్తాది" అంది. ఆ మాటలో ఏదో ఉందనిపించింది గానీ, బస్సు రావడంతో అడగడం కుదరలేదు.

వాళ్ళ ఊరు ఏళాయిరంపన్నై వైపు వెళ్ళే దారిలో ఉంది. దారి పొడవునా నల్లటి నేల, నెర్రెలు విచ్చి ఉంది. అక్కడక్కడా తుమ్మచెట్లు, మధ్య మధ్య చేలల్లో ఒకదానికొకటి దూరంగా కట్టిన చిన్న చిన్న గదులు. కోళ్ళఫారాలేమో అనుకున్నాను. "పట్టాసు కంపెనీలు" అంది జోతిమణి. అంటే బాణసంచా చేసే షెడ్లు. ఒకటి అంటుకుంటే పక్కదానికి పాకకుండా అలా ఎడంగా కడతారట.

రంగమ్మాళ్ భర్త గురుసామి వాకిట్లో నీళ్ళ చెంబుతో నిలబడి ఉన్నాడు. పొట్టిగా, సన్నగా, మెడలో తువ్వాలు. "రాండి అక్కా. బస్సు మారిపోయిందంట గదా" అని మెల్లగా నవ్వాడు. ఆ ఇంట్లో ఎక్కువ మాట్లాడని మనిషి ఆయనే.

చెంచా

ఆరు దాటాక వీధి మూల దగ్గర ఒక పాత వ్యాను ఆగింది. ఆడవాళ్ళు దిగారు. అందులో ఒకామె నన్ను చూసి పరుగులాంటి నడకతో వచ్చింది. చేతులు చాచి, నా దాకా వచ్చి, తాకకుండా ఆగిపోయింది.

"స్నానం సేసి వస్తాను అక్కా. ఇప్పుడు తాకరాదు" అంది.

రంగమ్మాళ్ చేతులు మోచేతుల దాకా బూడిద రంగులో మెరుస్తున్నాయి. మెడ మీద, చెవి తమ్మెల దగ్గర కూడా అదే వెండి పొడి, బాణసంచాలో కలిపేది. అప్పటికి గానీ నాకు అర్థం కాలేదు. ఆమె ఇప్పుడు అగ్గిపెట్టెల కంపెనీలో లేదు, బాణసంచా షెడ్డులో పని చేస్తోంది. ఇన్ని ఫోన్లలో ఆ ఒక్క మాట నాకు చెప్పలేదు.

స్నానం చేసి వచ్చినా గోళ్ళ కింద ఆ రంగు పోలేదు. కంబు సంగటి, వంకాయ పులుసు, ఎండుమిరపకాయలు వేయించి పెట్టింది. కంబు అంటే మన సజ్జలే. పూర్వం మా అమ్మమ్మ వండేది, ఇప్పుడు మా ఇంట్లో ఎవరికీ రాదు. అందరం నేల మీద కూర్చుని చేతులతో తింటున్నాం. రంగమ్మాళ్ ఒక్కతే చెంచాతో తిన్నది. సంగటి చెంచాతో తినడం ఎంత కష్టమో చూస్తే తెలిసింది.

"ఎప్పటి నుంచి వెళ్తున్నావు?" అని అడిగాను.

"మా గది మూసినారు అక్కా. పుల్లలు పేర్చే గది. ఇప్పుడు అంతా మెషినే సేస్తాది."

"జోతి నడిపే మెషినేనా?"

"అదే దా" అంది. చెంచాతో సంగటిని నొక్కుతూ, "బాగా ఓట్టుతాదంట. ముదలాళి అందరి ముందరా సెప్పినాడు" అని కూతురి వైపు చూసింది. ముదలాళి అంటే యజమాని. జోతిమణి కంచంలోంచి తల ఎత్తలేదు.

యంత్రం చివర కూర్చున్న పిల్ల

మర్నాడు శనివారం. జోతిమణి నన్ను కంపెనీకి తీసుకెళ్ళింది. మేనేజరు మర్యాదస్తుడు, టీ తెప్పించి, లోపల సెల్‌ఫోను వాడొద్దని చెప్పి పంపాడు.

యంత్రం పొడుగ్గా, ఒక రైలు పెట్టెంత ఉంది. ఒక వైపు పుల్లలు గుట్టగా పోస్తారు. అవి వాటంతట అవే రంధ్రాల్లో నిలబడి, వరుసలు వరుసలుగా కదిలి, మందులో తలలు ముంచుకుని, ఆరుతూ పైకి వెళ్ళి దిగి, డబ్బీల్లో పడతాయి. జోతిమణి ఆ చప్పుడులో అటూ ఇటూ నడుస్తూ ఒక్కోచోట చెయ్యి పెట్టి వింటున్నట్టు నిలబడుతుంది. ఇంట్లో నీరసంగా కనిపించిన పిల్ల ఇక్కడ వేరే మనిషి. ఒకచోట పుల్లలు చిక్కుకుంటే ఆపి, సరిచేసి, మళ్ళీ నడిపింది. వాళ్ళమ్మ గొంతు ఎందుకు మారుతుందో అప్పుడు తెలిసింది.

"ఇంతకు ముందు ఈ పని ఎంతమంది చేసేవాళ్ళు?" అని మేనేజర్ని అడిగాను.

ఆయన నన్ను పక్క గదికి తీసుకెళ్ళాడు. పొడవాటి రేకుల గది. గోడకి చెక్క చట్రాలు దొంతరలుగా ఆనించి ఉన్నాయి. ఒక్కో చట్రంలో గాడికో పుల్ల చొప్పున చేత్తో పేర్చేవాళ్ళట. నేల మీద మనుషులు కూర్చున్న చోట్ల సిమెంటు నున్నగా అరిగి, వరుసగా మచ్చల్లా కనిపిస్తోంది.

"గదినిండా ఉండేవారమ్మా" అన్నాడు అరవంలో. "ఇప్పుడు తలకి ఎంత సరుకు వస్తోందో చెబితే మీరు నమ్మరు. బ్యాంకు వాళ్ళు చూసి మెచ్చుకున్నారు. కానీ ఏం చేయమంటారు? వందలసార్లు వెలిగే లైటరు వచ్చేసింది. చేత్తో చేసిన పెట్టెని ఆ ధరకి అమ్మలేం. మెషిను తేకపోతే అందరికీ పని పోయేది. తెస్తే కొందరికి మిగిలింది."

ఆయన మాటలో అబద్ధం లేదు. ఆ గదిలో నిలబడి వింటే నిజం కూడా బరువుగానే ఉంది.

యంత్రం చివర ఒక కుర్చీ ఉంది. అందులో ఒక సన్నపాటి పిల్ల కూర్చుని, వచ్చే డబ్బీల్లో నలిగినవి ఏరేసి, మిగిలినవి కాగితంలో కట్టలు చుడుతోంది. పేరు సెల్వి. పందొమ్మిదేళ్ళట. వాళ్ళూ రంగమ్మాళ్ వీధి వాళ్ళే, ఇంట్లో తెలుగే. టీ విరామంలో నా పక్కకి వచ్చి కూర్చుంది.

"మీరు రంగమ్మత్త ఇంటికి వచ్చిన పెద్దమ్మ గదా" అంది. కాసేపు గ్లాసు తిప్పుతూ కూర్చుని, "ఆ కుర్చీ అత్తది" అంది.

"అంటే?"

"గది మూసినప్పుడు ఒకే ఒక కుర్చీ మిగిలె. ముదలాళి అత్తకే ఇచ్చినాడు, జోతక్క వాళ్ళమ్మ గదా అని. మా అమ్మకి ఆయాసం, వేల సేయలేదు, ఏ పనీ సేతకాదు. నేను పట్టాసుకి పోతానని వ్యాను వాడికి సెప్పేసినాను. పొద్దున వ్యాను దగ్గరికి పోతే అత్త ముందరే వచ్చి నిలుసుకోనుండె. 'నువ్వు పొయ్యి కుర్చీలో కూర్సో' అనె. నేను పోనంటిని. నన్ను పట్టి తోసేసి అత్త ఎక్కేసె."

అంతలో గంట మోగింది. సెల్వి లేచి తన చోటికి వెళ్ళింది. కాదు, అది తన చోటని ఆ పిల్ల ఒక్కసారి కూడా అనలేదు.

పాంచాలంకురిచ్చి

ఆదివారం అందరికీ సెలవు. నాకు ఏదైనా చూపించాలని రంగమ్మాళ్ పట్టుబట్టింది. ముగ్గురం ఆడవాళ్ళం పాంచాలంకురిచ్చికి బస్సెక్కాం. ఎక్కీ ఎక్కగానే రంగమ్మాళ్ అరవంలోకి మారిపోయింది. కూతురితోనే కాదు, నాతో కూడా. మనం చెప్పులు బయట వదిలి ఇంట్లోకి వస్తాం. వాళ్ళకి అది తిరగబడింది, ఇంటి భాషని ఇంట్లోనే వదిలి బయటికొస్తారు.

ఆ కోట ఒకప్పుడు తెల్లవాళ్ళతో పోరాడిన పాళెగాడిది. వాళ్ళు నేలమట్టం చేస్తే, తర్వాత రోజుల్లో జ్ఞాపకంగా మళ్ళీ కట్టారు. లోపల గోడలకి యుద్ధాల బొమ్మలు. స్కూలు పిల్లలు ఫిరంగుల మీదెక్కి ఫొటోలు దిగుతున్నారు. "ఈ పాళెగాడి ఇంట్లో కూడా తెలుగే దా అక్కా" అంది రంగమ్మాళ్ గర్వంగా, పక్కన ఎవరూ లేరని చూసుకుని తెలుగులో.

నీడలో కూర్చుని నిమ్మకాయ అన్నం తిన్నాం. రంగమ్మాళ్ సంచిలోంచి తన చెంచా తీసుకుంది. జోతిమణి నీళ్ళకోసం లేచి వెళ్ళాక, సెల్వి చెప్పింది చెప్పాను.

"ఆ పిల్లకి నోరు ఆగదు" అంది.

"ఎందుకిచ్చావు రంగమ్మాళ్?"

చెంచా పక్కన పెట్టింది. తర్వాత చెప్పింది. "జోతి సదివేసి రెండేండ్లు ఇంట్లో కూర్సోనుండె. కొత్త మెషిను వస్తాండాదని నాకు తెలిసె. నేనే ముదలాళి దగ్గరికి పొయ్యి, మా పిల్లని తీసుకోండని అడిగితిని. ఆ మెషిను వస్తే మా గది ఉండదని తెలుసు నాకు. పక్కన కూర్సున్నోళ్ళకి సెప్పలేదు. సెల్వి వాళ్ళమ్మ దా నాకు వేల నేర్పించింది. ఒకే చట్రానికి ఇద్దరం అటూ ఇటూ కూర్సునేటోళ్ళం. గది మూసిన నాడు అది నా మొగం సూడలేదు అక్కా. అంతా తిట్టినారు, అది మాత్రం ఏమీ అనలేదు. తిట్టుంటే బాగుండేది."

"జోతి జీతం చాలదా? ఇంట్లో ఉండొచ్చుగా."

"అదే సెప్తాది జోతి. నేను ఇంట్లో కూర్సుంటే ఆ పిల్ల కుర్చీ నాకు వదిలేసి పట్టాసుకి పోతాది. దానికి పెండ్లి కూడా కాలేదు. నేను బతకాల్సినంత బతికితిని."

నలభై ఎనిమిదేళ్ళ మనిషి అన్న మాట అది.

నేను నా సంగతి చెప్పాను. మా ఎక్స్ఛేంజీలో ఒకప్పుడు వరుసగా కూర్చుని ప్లగ్గులు గుచ్చుతూ ఊళ్ళను కలిపేవాళ్ళం. ఆటోమేటిక్ యంత్రం వచ్చాక ఎవరి నంబరు వాళ్ళే తిప్పుకున్నారు. మా గదీ ఖాళీ అయింది. కానీ మమ్మల్ని బిల్లుల కౌంటరుకి మార్చారు. జీతం ఆగలేదు, ఇప్పుడు పెన్షను వస్తోంది. ఆ యంత్రం వచ్చిన రోజున మేం కేకు కోసుకున్నాం కూడా.

రంగమ్మాళ్ ఆశ్చర్యంగా విన్నది. "వేల పోయినాక కూడా సంబళం ఇచ్చినారా?" అంది. అసూయ లేదు ఆ గొంతులో. ఏదో దూరదేశపు వింత విన్నట్టు అడిగింది.

జోతిమణి నీళ్ళ సీసాలతో వచ్చి మా ఇద్దరి మొహాలూ చూసింది. ఏం మాట్లాడుకున్నామో ఆమెకి తెలిసిపోయింది. తల్లితో అరవంలో, మెల్లగా, పక్కవాళ్ళకి వినపడకుండా అంది. "రోజూ ఆ మెషినుకి నేను నూనె వేస్తున్నాను. వేసినప్పుడల్లా నిన్ను అక్కడికి పంపింది నేనే అనిపిస్తోంది." రంగమ్మాళ్ చెయ్యి చాపి కూతురి కొంగు మీద పడ్డ అన్నం మెతుకు తీసేసింది.

మధ్యాహ్నం

సోమవారం ఉదయం వీధి మూలకి నేనూ వెళ్ళాను. రెండు వ్యాన్లూ అక్కడే ఆగుతాయి. అగ్గిపెట్టెల కంపెనీది ఒకటి, పటాసుల వాళ్ళది ఒకటి. జోతిమణి తన వ్యాను ఎక్కకుండా తల్లి దగ్గరికి వెళ్ళి, చీర నూలుదేనా అని పట్టి చూసింది. గాజులు తీయించింది. జాకెట్టుకి ఉన్న పిన్నీసు తీసి దారంతో ముడి వేసింది. ఇనుము రాపిడి తగలకూడదట. రంగమ్మాళ్ బడికెళ్ళే పిల్లలా చేతులు చాపి నిలబడింది. వ్యాను వెళ్ళాకే జోతిమణి తనది ఎక్కింది.

మధ్యాహ్నం గురుసామితో కలిసి వాకిట్లో మిరపకాయలు తిరగేస్తున్నాను. మొదట కాళ్ళ కింద నేల అదిరింది. తర్వాత చప్పుడు వచ్చింది. మేఘం ఉరిమినట్టు కాదు, ఎవరో పెద్ద తలుపు ఒక్కసారిగా మూసినట్టు. ఆ వెంట మరికొన్ని.

వీధిలో అన్ని తలుపులూ తెరుచుకున్నాయి. ఎవరూ అరవలేదు. అందరూ ఒకే వైపు చూశారు. ఏళాయిరంపన్నై దిక్కున తెల్లటి పొగ లేస్తోంది.

గురుసామి తువ్వాలు భుజాన వేసుకుని మోపెడ్ తీశాడు. షెడ్లలోకి ఫోన్లు తీసుకెళ్ళనివ్వరు కాబట్టి ఫోన్ చేసి లాభం లేదు. "నేనూ వస్తాను" అన్నాను. నా ఒళ్ళు ఆ బండికి ఎక్కువే, గతుకుల్లో రెండుసార్లు దిగి నడిచాను. ఆయన విసుక్కోలేదు, వెనక్కి తిరిగి చూడనూ లేదు.

రోడ్డు మీద పోలీసులు తాడు కట్టారు. అవతల చేలో పొగ, ఫైరింజను. ఇవతల మావంటి వాళ్ళు గుంపుగా నిలబడి ఉన్నారు. ఖాకీ బట్టలేసుకున్న ఒక మెకానిక్కు ప్రతి ఒక్కరి దగ్గరికీ వెళ్ళి "ఏ గది? ఏ గది?" అని అడుగుతున్నాడు. ఎవరికీ తెలియదు. కాసేపటికి కంపెనీ వ్యాను వచ్చి ఆగింది. జోతిమణి దిగింది, వెనకాల సెల్వి. జోతిమణి చేతులకి ఇంకా గ్రీజు ఉంది.

ఎంతసేపు నిలబడ్డామో చెప్పలేను. పేలింది రంగమ్మాళ్ పనిచేసే యూనిట్టు కాదని ఒకరన్నారు. అదేనని ఇంకొకరన్నారు. గురుసామి తాడు పట్టుకుని కూర్చుండిపోయాడు. నేను ఆయన భుజం మీద చెయ్యి వేశాను. మా ఊళ్ళో అయితే పరాయి మగవాడి భుజం మీద అలా చెయ్యి వేసేదాన్ని కాదు.

సెల్వి ముందు చూసింది. "అత్తా" అంది.

రోడ్డుకి అవతలి వైపు చేలోంచి కొంతమంది ఆడవాళ్ళు నడిచి వస్తున్నారు. చెప్పులు గేటు దగ్గరే వదిలేశారు కాబట్టి అందరూ ఉత్త కాళ్ళతో ఉన్నారు. చప్పుడు రాగానే వాళ్ళని షెడ్ల నుంచి వెళ్ళగొట్టి దూరంగా బయలు నేలలో కూర్చోబెట్టారట. వాళ్ళలో రంగమ్మాళ్ ఉంది. సెల్వి పరుగెత్తి ఆమె నడుము పట్టుకుంది. జోతిమణి పరుగెత్తలేదు. ఉన్నచోటే రోడ్డు మీద కూర్చుని మోకాళ్ళలో తల పెట్టుకుంది.

రంగమ్మాళ్ కూతురి దగ్గరికి వచ్చి నిలబడింది. "మెషిను ఎవరు సూస్తాండారు?" అని అడిగింది.

"ఆపేసి వచ్చినాను."

"ఆపరాదు జోతి" అంది తల్లి. "వేల పోతాది."

ఇద్దరు చనిపోయారని తర్వాత తెలిసింది. సాత్తూరు అవతలి ఊరి ఆడవాళ్ళు. మేం తిరిగి వస్తుంటే ఆ మెకానిక్కు ఇంకా అడుగుతూనే ఉన్నాడు.

ఆ సాయంత్రం వీధిలో ఎవరూ పొయ్యి వెలిగించలేదు. చీకటి పడకముందే సెల్వి వాళ్ళమ్మ గోడ పట్టుకుని, ఆగి ఆగి ఊపిరి పీల్చుకుంటూ వచ్చింది. గది మూశాక ఆ గడప తొక్కడం అదే మొదటిసారట. రంగమ్మాళ్ పక్కన కూర్చుంది. వెళ్ళేటప్పుడు, "కాలికి ముల్లు గుచ్చిందంట, సూసుకో" అని మాత్రం అంది.

వీధి మూల

ఒక్కరోజు షెడ్లు మూశారు. అధికారులు వచ్చి చూసి వెళ్ళారట. బుధవారం ఉదయం నా ప్రయాణం. అదే ఉదయం పటాసుల వ్యాను మళ్ళీ వచ్చింది.

రంగమ్మాళ్ బయటికొచ్చేసరికి సెల్వి ఆ వ్యానులో కూర్చుని ఉంది. గాజులు లేవు, నూలు చీర కట్టుకుంది.

"దిగు" అంది రంగమ్మాళ్.

"నేను పోతాను అత్తా. కుర్చీ మీది."

"దిగమంటాండాను గదా."

సెల్వి కదల్లేదు. జోతిమణి తల్లి చెయ్యి పట్టుకుంది. "ఇద్దరూ పోవద్దు. నువ్వు ఎక్కితే నేను ఈ దినం కంపెనీకి పోను. ఇంకెప్పుడూ పోను" అంది. పెద్దగా అరిచి చెప్పలేదు గానీ అన్నంత పనీ చేసేలాగే ఉంది.

రంగమ్మాళ్ ఆ చేతిని విడిపించుకోలేదు. "నువ్వు పోకపోతే మెషిను తిరగదు. మెషిను తిరగకపోతే దీని కుర్చీ ఉండదు. అప్పుడు ఇద్దరు పోతారు దీంట్లో. సెప్పు, ఏమి సేయను?" అని అడిగింది.

జోతిమణి తల్లి చెయ్యి వదిలేసింది. డ్రైవరు హారన్ కొట్టి, మళ్ళీ కొట్టడానికి మొహమాటపడి ఊరుకున్నాడు.

రంగమ్మాళ్ వ్యానెక్కి సెల్వి రెక్క పట్టుకుని దింపింది. ఈసారి తోయలేదు, మెల్లగా దింపింది. తను ఆ సీట్లో కూర్చుంది. నా వైపు చూసి, "జాగర్తగా పోండి అక్కా, బస్సు మాత్రం అడిగి ఎక్కండి" అంది. నవ్వింది కూడా. వ్యాను ఏళాయిరంపన్నై వైపు తిరిగింది. జోతిమణి, సెల్వి చాలాసేపు నిలబడి, రెండో వ్యానెక్కి కోవిల్‌పట్టి వైపు వెళ్ళిపోయారు.

గురుసామి నా సంచి మోసుకుంటూ బస్సు ఆగే చోటుకి వచ్చాడు. బస్సు దూరంగా కనిపిస్తుండగా ఆయనే అన్నాడు. "మంచి వాన ఒకటి పడితే పోనియ్యను అక్కా. మన సేన్లోనే వేల ఉంటాది, ఇద్దరికీ. ఒకటే వాన."

బస్సు కదిలాక వెనక్కి చూస్తే ఆయన తువ్వాలు నెత్తిన వేసుకుని, ఊళ్ళోకి కాదు, చేను వైపు నడుస్తున్నాడు.

నేను తిరిగొచ్చి మూడు నెలలైంది. ఇక్కడ కాలవలు నిండి నాట్లు అయిపోయాయి. ఆదివారాలు ఫోన్ చేస్తే జోతిమణి ఎత్తుతుంది. యంత్రం బాగా నడుస్తోందని చెబుతుంది. సెల్వి బాగుందని చెబుతుంది. అమ్మ గురించి నేను అడగను, ఆమె చెప్పదు. వాన పడిందా అని అడుగుతాను.

"ఇంకా లేదు పెద్దమ్మా" అంటుంది.